నల్లజాతి బేస్‌బాల్ తొలినాళ్ళు: ఆడినవాళ్ళు చెప్పిన జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మవచ్చు?

పాతపుటలు:

మిత్రులందరికీ నమస్కారం. సోల్ వైట్ 1907లో ఫిలడెల్ఫియాలో అచ్చు వేయించిన చిన్న పుస్తకాన్ని నెల రోజులుగా పునర్ముద్రణలో చదువుతున్నాను. నల్లజాతి బేస్‌బాల్‌కు తొలి చరిత్ర అదే. రాసినవాడు దూరాన కూర్చున్న విలేకరి కాదు. 1868లో ఒహాయో రాష్ట్రంలోని బెల్లెయిర్‌లో పుట్టి, ఇరవై ఏళ్ళు నిండకముందే 1887లో వీలింగ్ జట్టులో తెల్లవాళ్ళ సరసన ఆడి, ఆ దారి మూసుకుపోయాక నల్లజాతి జట్లలో ఆటగాడిగా, కెప్టెన్‌గా, మేనేజరుగా జీవితం గడిపిన మనిషి. జేబులో పట్టేంత ఆ పుస్తకాన్ని ఆట జరిగే చోటే అమ్మేవారట. అసలు ప్రతులు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే మిగిలాయి.

నా సందేహం క్యూబన్ జెయింట్స్ పుట్టుక గురించి. జీతాల మీద నిలబడిన తొలి నల్లజాతి జట్టుగా పేరు పొందినది అదే. 1885 వేసవిలో లాంగ్ ఐలాండ్‌లోని బాబిలోన్ అనే ఊళ్ళో, ఆర్గైల్ హోటల్ హెడ్ వెయిటర్ ఫ్రాంక్ థాంప్సన్ తన కింద పనిచేసే వెయిటర్లలో బాగా ఆడేవాళ్ళను ఏరి, అతిథుల వినోదం కోసం జట్టు కట్టాడని వైట్ 1907లో రాశాడు. అయితే 1938లో ఒక మాసపత్రికలో, అప్పటికి డెబ్బై ఏళ్ళ వైట్ చెప్పిన మాటగా మరో సంగతి వచ్చింది. తాము క్యూబా దేశస్థులమని జనం నమ్మాలని ఆ ఆటగాళ్ళు మైదానంలో స్పానిష్‌లా వినిపించే అర్థం లేని మాటలు మాట్లాడుకునేవారట. మొదటి పుస్తకంలో లేని ఈ కథ ముప్ఫై ఏళ్ళ తరువాత ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే మనిషి చెప్పిన రెండు మాటల్లో దేనిని పట్టుకోవాలి?

డెలావేర్ ఒడ్డు:

పాతపుటలు గారూ, మంచి ప్రశ్న అడిగారు. నేను పద్నాలుగేళ్ళుగా న్యూజెర్సీలో, ట్రెంటన్‌కు దగ్గరలో ఉంటున్నాను. 1886లో ఆ జట్టు ఈ ట్రెంటన్‌నే సొంత ఊరుగా చేసుకుని, చేంబర్స్‌బర్గ్ పేటలోని మైదానంలో ఆడేది. కాబట్టి వాళ్ళ కథ నాకు కొంచెం సొంత ఊరి కథ లాంటిది.

మొదట ఒక విషయం గమనించాలి. 1885లో వైట్ బాబిలోన్‌లో లేడు. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు, ఉన్నది ఒహాయో ప్రాంతంలో. అంటే ఆ పుట్టుక కథ అతనికి కూడా విన్నదే గాని కన్నది కాదు. అక్కడ ఉన్న మనిషి థాంప్సన్. ఆయన చెప్పిన వివరం 1887 అక్టోబరులోనే న్యూయార్క్ ఏజ్ పత్రికలో వచ్చింది: 1885 మే నెలలో ఫిలడెల్ఫియాలో కీస్టోన్ అథ్లెటిక్స్ అనే జట్టు కట్టానని, జులైలో దానిని బాబిలోన్‌కు తరలించానని, ఆగస్టులో ఫిలడెల్ఫియా ఓరియన్స్, వాషింగ్టన్ మన్‌హాటన్స్ అనే జట్ల ఆటగాళ్ళు కూడా వచ్చి కలిశాక క్యూబన్ జెయింట్స్ ఏర్పడిందని. ఈ లెక్కన వడ్డిస్తూ వడ్డిస్తూ ఆటగాళ్ళైపోయిన వెయిటర్ల కథ సగమే నిజం. ముందే ఆట నేర్చినవాళ్ళకు హోటల్లో పని, పనితోపాటు మైదానం దొరికాయని అనుకోవడం మేలు.

ఇక స్పానిష్ మాటల విషయం. ట్రెంటన్ పత్రికలు ఆ జట్టును నల్లజాతి జట్టుగానే, ఏ దాపరికమూ లేకుండా రాసేవి. ఊరు ఊరంతా ఎరిగిన సంగతిని దాచడానికి నాటకం ఎందుకు ఆడతారు? ఆ రోజుల పత్రికల్లో దీనికి ఆధారం చూపినవారు లేరు. నేనైతే ఈ కథను పక్కన పెడతాను.

మూడోమెట్టు:

డెలావేర్ ఒడ్డు గారితో సగమే ఏకీభవిస్తాను. ట్రెంటన్‌లో దాచవలసిన అవసరం లేదు, నిజమే. కాని ‘క్యూబన్’ అన్న పేరు ఎందుకు పెట్టుకున్నారన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. అప్పటి అమెరికాలో నల్లవాడినని చెప్పుకోవడానికీ స్పెయిన్ వాడినని చెప్పుకోవడానికీ ఉన్న తేడా ఎంతటిదో బడ్ ఫౌలర్ మాటల్లోనే తెలుస్తుంది. ఫౌలర్ అసలు పేరు జాన్ జాక్సన్. పెరిగింది కూపర్స్‌టౌన్‌లో, ఈ ఆటలోని గొప్పవాళ్ళను గౌరవించే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ నేడు ఉన్న ఊళ్ళోనే. 1878 నుంచి తెల్లవాళ్ళ జట్లలో డబ్బు తీసుకుని ఆడుతూ, ఎక్కడా నిలవనివ్వకపోతే ఊరి నుంచి ఊరికి తిరిగిన మనిషి. తన చర్మమే తనకు అడ్డు వచ్చిందని, ఇంత నలుపు కాకపోయి ఉంటే ఏ స్పెయిన్ వాడిగానో చెప్పుకుని ఎక్కడో ఒకచోట కుదురుకునేవాడినని 1895లో ఆయన చెప్పాడు.

మరో ఉదాహరణ కూడా ఉంది. 1901లో బాల్టిమోర్ మేనేజరు జాన్ మెక్‌గ్రా ఆర్కన్సాలోని హాట్ స్ప్రింగ్స్‌లో చార్లీ గ్రాంట్ అనే నల్లజాతి ఆటగాడిని చూసి, అతనికి టోకోహామా అని పేరు పెట్టి, చెరోకీ తెగవాడని చెప్పి జట్టులోకి తీసుకోబోయాడు. సంగతి బయటపడి ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఆ గ్రాంట్ తరువాత వైట్ నడిపిన ఫిలడెల్ఫియా జెయింట్స్‌లోనే ఆడాడు. ఇటువంటి మనుషుల మధ్య బతికిన వైట్ వేషం మార్చడం గురించి చెప్పిన కథను ముసలితనపు కల్పన అని కొట్టిపారేయలేను.

నిదానం:

ఈ చర్చలో ఒక మాట చెప్పాలనిపించింది. నేను కొన్నేళ్ళుగా మా జిల్లాలో వయసు మళ్ళిన రంగస్థల కళాకారుల మాటలు రికార్డు చేస్తున్నాను. హార్మోనియం వాయించిన ఒక పెద్దాయనను, మొదటిసారి కంపెనీతో బయలుదేరిన సంవత్సరం ఏదని మూడుసార్లు అడిగితే మూడు సంవత్సరాలు చెప్పారు. కాని ఒక్కో రాత్రికి ఎంత ఇచ్చేవారని అడిగితే, మూడుసార్లూ అణాలతో సహా ఒకే లెక్క చెప్పారు. ఏ ఊళ్ళో బస ఇవ్వకపోతే సత్రం అరుగు మీద పడుకున్నదీ, ఆ అరుగు ఏ దిక్కుకు ఉన్నదీ కూడా చెప్పారు. పనిచేసి బతికినవాళ్ళ జ్ఞాపకం ఇలాగే ఉంటుందని నాకు అనుభవంలో తెలిసింది. తేదీలు జారిపోతాయి, కూలి, దెబ్బ, బస గుర్తుండిపోతాయి.

వైట్ పుస్తకాన్ని ఆ చూపుతో చదివితే ఎంతో తేటపడుతుంది. ఫౌలర్ 1872లోనే పెన్సిల్వేనియాలోని న్యూ కాజిల్‌లో తెల్లవాళ్ళ జట్టులో ఆడాడని వైట్ రాశాడు. ఫౌలర్ పుట్టింది 1858లో. పద్నాలుగేళ్ళ పిల్లవాడు అప్పటికే పేరున్న ఆటగాడు కావడం కుదరదు, పత్రికల ఆధారాలు 1878 నుంచే మొదలవుతున్నాయి. ఆ సంవత్సరం తప్పు. అదే పుస్తకంలో క్యూబన్ జెయింట్స్ వారపు జీతాలు చూడండి: బంతి వేసే పిచర్లకు, దానిని వెనుక నుంచి పట్టే క్యాచర్లకు 18 డాలర్లు, బేస్‌ల దగ్గర నిలబడే ఇన్‌ఫీల్డ్ ఆటగాళ్ళకు 15, దూరంగా నిలబడే అవుట్‌ఫీల్డ్ వాళ్ళకు 12, పైగా ఖర్చులు యజమానివే. ఏ స్థానానికి ఎంతో ఇంత కచ్చితంగా చెప్పినవాడు ఆ డబ్బు చేతులు మారడం దగ్గరగా ఎరిగినవాడు. ఆయన కాలానికి అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్ ఆటగాడి సగటు ఏడాది సంపాదన 2,000 డాలర్లు, కింది స్థాయి మైనర్ లీగ్‌లలో 571, నల్లజాతి ఆటగాడికి 466 అని కూడా వైట్ రాశాడు. కోపంగా ఒక్క మాట అనకుండా ఆ మూడు అంకెలను పక్కపక్కన నిలబెట్టాడు.

కాబట్టి బాబిలోన్ కథ విషయంలో నా అభిప్రాయం ఇది: అది అతను చూడని సంగతి, పైగా పుట్టుక కథ. పుట్టుక కథలు చెప్పినకొద్దీ పెరుగుతాయి. దాని ఆధారంగా మిగతా పుస్తకాన్ని అనుమానించడం మాత్రం న్యాయం కాదు.

వేపచెట్టు:

నేను ఈ ఆటకు కొత్త. ఇంతమంది ఆడినప్పుడు స్కోరు పుస్తకాలు ఉండాలి కదా? జ్ఞాపకాల మీద ఇంతగా ఆధారపడటం ఎందుకు? 2024లో నీగ్రో లీగ్‌ల అంకెలను మేజర్ లీగ్ రికార్డులలో కలిపారని వార్తల్లో చదివాను.

డెలావేర్ ఒడ్డు:

వేపచెట్టు గారూ, అలా కలిపినవి 1920 నుంచి 1948 వరకు నడిచిన ఏడు లీగ్‌ల అంకెలు మాత్రమే. 1920 ఫిబ్రవరిలో రూబ్ ఫాస్టర్ కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించక ముందు, నల్లజాతి జట్లకు నిలకడైన లీగ్ అంటూ లేదు. 1887లో ఒకటి మొదలుపెట్టారు గాని రెండు వారాలు కూడా సరిగా నడవలేదు. ఇక మిగిలింది ఊరూరా తిరిగి, ఎవరు దొరికితే వాళ్ళతో, కళాశాల జట్లతో, మిల్లు జట్లతో ఆడటమే. ఆ ఆటల లెక్కను పద్ధతిగా భద్రపరచినవారు లేరు. అందుకే ఫాస్టర్ తరం తరువాతి వాళ్ళకు అంకెలు మిగిలాయి, వైట్ తరానికి మాటలు మిగిలాయి. ఆ ఫాస్టరే కుర్రవాడుగా ఉన్నప్పుడు వైట్ జట్టులో పిచర్; 1907 పుస్తకంలో బంతి ఎలా వేయాలో చెప్పే వ్యాసం ఒకటి అతనిదే.

ఉత్తరపు గాలి:

ఇంతవరకు అందరూ వైట్ గురించే మాట్లాడారు. ఎదుటి పక్షం వాళ్ళు విడిచిపెట్టిన జ్ఞాపకాలు కూడా ఉన్నాయి, నా దృష్టిలో వాటి బరువు ఇంకా ఎక్కువ. తన తప్పును తానే చెప్పుకున్న సాక్షిని అనుమానించడం కష్టం.

1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో జట్టుకు క్యాచర్. అప్పటికి ఆ జట్టు ఉన్న అమెరికన్ అసోసియేషన్ మేజర్ లీగ్. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడే గాని, కొట్టేవాడికి ఇంకా దగ్గరగా కూర్చుని, తరువాతి బంతి ఏ రకంగా రావాలో వేళ్ళతో సైగ చేసి పిచర్‌కు చెప్పేవాడు కూడా అతనే. ఇప్పటి దిండు లాంటి గ్లవ్ అప్పుడు లేదు. వంకర బంతి వస్తుందని చేతులు ఒకవైపు పెట్టుకున్నవాడికి నేరుగా వేగపు బంతి వస్తే వేలు విరగవచ్చు, పక్కటెముక విరగవచ్చు.

ఆ జట్టు పిచర్ టోనీ మలేన్. ముప్ఫై అయిదేళ్ళ తరువాత, 1919లో, ఆ సంగతులను అతనే చెప్పగా న్యూయార్క్ ఏజ్ అచ్చు వేసింది. తాను బంతులు వేసిన క్యాచర్లందరిలో వాకరే ఉత్తముడని, అయినా నల్లవాళ్ళంటే తనకు పడదు కనుక అతని సైగలను చూడకుండా తనకు తోచిన బంతి వేసేవాడినని ఒప్పుకున్నాడు. ఒకరోజు వాకర్ వంకర బంతి అడిగితే ఇతను వేగపు బంతి విసిరాడు. వాకర్ దానిని పట్టుకుని, నడుచుకుంటూ పిచర్ దగ్గరకు వచ్చాడు. సైగలు లేకుండానే మీ బంతులు పడతాను గాని, నేను సైగ చేశాక మీరు దానికి ఎదురు వేస్తే మాత్రం పట్టనని మర్యాదగా చెప్పి వెళ్ళాడు. ఆ ఏడాది మిగిలిన ఆటలన్నింటిలో, ఏ బంతి వస్తుందో తెలియకుండానే అన్నీ పట్టుకున్నాడని మలేనే చెప్పాడు.

ఆ ఏడాది వాకర్‌కు నిజంగానే పక్కటెముక విరిగింది. రిచ్‌మండ్‌లో వాకర్ మైదానంలో అడుగుపెడితే డెబ్బై అయిదు మంది దాడి చేస్తారని టొలీడో మేనేజరుకు బెదిరింపు ఉత్తరం వచ్చింది. జట్టు అక్కడికి వెళ్ళేనాటికి వాకర్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. వాకర్ ఓబర్లిన్‌లో, మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు, కలం పట్టగలిగినవాడు. 1908లో అతను వేసిన చిన్న పుస్తకం మాత్రం బేస్‌బాల్ గురించి కాదు. ఈ దేశంలో నల్లవాళ్ళకు బతుకు లేదని, ఆఫ్రికాకు తరలిపోవాలని వాదించడానికి దానిని రాశాడు.

రెండో సాక్షి చికాగో ఆటగాడు నెడ్ విలియమ్సన్. బఫెలో జట్టులో సెకండ్ బేస్ (పరుగు తీసేవాడు వరుసగా తాకుతూ పోవలసిన గుర్తుల్లో రెండోది) దగ్గర ఆడే ఒక నల్లజాతి ఆటగాడిని గాయపరచడమే ఎదుటి జట్లు పనిగా పెట్టుకున్నాయని 1891లో స్పోర్టింగ్ లైఫ్ పత్రికలో చెప్పాడు. మూడో బేస్‌కు తేలికగా వెళ్ళగలిగినవాళ్ళు కూడా ఇతని కాళ్ళను బూటు మేకులతో చీరడం కోసమే రెండో బేస్ దగ్గర ఆగేవారట. యాదృచ్ఛికంగా జరిగినట్టు కనిపించాలని కాళ్ళు ముందుకు చాచి జారే పద్ధతిని సాధన చేశారట. ఆ మనిషి అయిదు ఆటల్లో రెండింట ఆడితే గొప్ప, మిగతా రోజులు చంకకర్రల మీద నడిచేవాడట. చివరికి పిక్కలకు చెక్క కవచాలు కట్టుకున్నాడట. పేరు చెప్పకపోయినా, 1886 నుంచి 1888 వరకు బఫెలోలో ఆ స్థానంలో ఆడినవాడు ఫ్రాంక్ గ్రాంట్. కాళ్ళు చాచి జారడం అక్కడే పుట్టిందని కూడా విలియమ్సన్ అన్నాడు, ఆ మాటను నేను నమ్మను. చెక్క కవచాలను మాత్రం నమ్ముతాను. అటువంటి వివరాన్ని ఎవరూ ఊరికే కల్పించరు.

మూడోమెట్టు:

ఉత్తరపు గాలి గారి పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. సైగ చేసి ఎదురు బంతి తిన్న క్యాచర్ లేచి అన్ని అడుగులు నడిచి వచ్చి, గొంతు పెంచకుండా ఆ మాట చెప్పిన దృశ్యం కళ్ళ ముందు నిలిచిపోయింది.

అయినా ఒక అభ్యంతరం ఉంది. శత్రువు జ్ఞాపకానికే ఎక్కువ విలువ ఇస్తే, దెబ్బ తిన్నవాడి మాటకు దెబ్బ కొట్టినవాడు సంతకం చేస్తే గాని చెల్లదన్నట్టు అవుతుంది. వాకర్ తమ్ముడు వెల్డీ సంగతి చూడండి. అతను కూడా 1884లో టొలీడోకు కొన్ని ఆటలు ఆడినవాడే. 1888లో ట్రై-స్టేట్ లీగ్ నల్లవాళ్ళను తీసుకోరాదని నియమం చేసినప్పుడు, ఆ లీగ్ అధ్యక్షుడికి బహిరంగ లేఖ రాశాడు. స్పోర్టింగ్ లైఫ్ దానిని మార్చిలో ప్రచురించింది. ఒక ఆటగాడిని పక్కన పెట్టాలంటే చేతకానితనమో నడవడి లోపమో కారణం కావాలి గాని రంగు కాకూడదని అతని వాదన. ముసలితనంలో గుర్తు చేసుకున్నది కాదు అది. దెబ్బ తగిలిన నెలలోనే రాసినది. దానికి మలేన్ సాక్ష్యం అక్కరలేదు.

నిదానం:

మూడోమెట్టు గారి అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. వెల్డీ లేఖను వైట్ పుస్తకం కంటే కూడా ముందు ఉంచాలి.

కాని వైట్ మాటను జాగ్రత్తగా తూచవలసిన చోటు ఇంకొకటి ఉంది, అది క్యాప్ యాన్సన్ విషయం. నల్లవాళ్ళను బయటకు నెట్టిన నేరంలో అధిక భాగాన్ని వైట్ ఈ చికాగో కెప్టెన్ మీదే వేశాడు. 1887 జులై 14న నెవార్క్‌లో జరిగిన స్నేహపూర్వక ఆటలో నల్లజాతి పిచర్ జార్జ్ స్టోవీ బంతి వేయవలసి ఉండగా వేయలేదు. అతను అలిగాడని మైదానంలో ప్రకటించారు. తరువాత నెవార్క్ పత్రిక, యాన్సన్ అభ్యంతరం చెప్పినందువల్లే అలా జరిగిందని ఇప్పుడు అంటున్నారని, ఆ సంగతి జనానికి అప్పుడే తెలిసి ఉంటే యాన్సన్‌కు చప్పట్లు కాక ఈసడింపులు దక్కేవని రాసింది. ఇక్కడ వైట్ చెప్పినది నిలుస్తుంది. అయితే అదే రోజున బఫెలోలో సమావేశమైన ఇంటర్నేషనల్ లీగ్ (మైనర్ లీగ్‌లలో ఒకటి) నిర్వాహకులు ఇకమీదట నల్లజాతి ఆటగాళ్ళతో కొత్త ఒప్పందాలను ఆమోదించరాదని తీర్మానించారు. ఆ గదిలో యాన్సన్ లేడు. అంతకు ముందు నెలలోనే సిరక్యూస్ జట్టులో ఒక తెల్ల పిచర్, రాబర్ట్ హిగిన్స్ అనే నల్లజాతి పిచర్ ఉన్న ఫోటోలో కూర్చోనని మొండికేశాడు. అతనికి చెప్పి చేయించినవాడూ యాన్సన్ కాదు. జరిగిన అన్యాయానికి ఒక ముఖం తగిలించుకుంటే గుర్తుంచుకోవడం తేలిక. వైట్ చేసినది అదేనని నా అనుమానం, అలా చేసినందుకు ఆయనను తప్పు పట్టలేను.

డెలావేర్ ఒడ్డు:

పోయిన వసంతంలో స్టాటెన్ ఐలాండ్‌లోని ఫ్రెడరిక్ డగ్లస్ స్మారక శ్మశానానికి వెళ్ళాను. వైట్ 1955లో చనిపోతే అక్కడ పాతిపెట్టారు. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన తరువాత కూడా 2014 వరకు ఆ సమాధి మీద రాయి లేదు. ఫౌలర్‌కు ఇంకా ఆలస్యం. 1913లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయిన ఆయనకు 1987లో రాయి దొరికింది, హాల్ ఆఫ్ ఫేమ్ 2022లో. వైట్ కొత్త రాయి ముందు నిలబడినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినది బస గురించి అతను రాసిన పేరా.

నిదానం గారు సత్రం అరుగు గురించి చెప్పారు కనుక ఇక్కడ రాస్తున్నాను. నల్లజాతి జట్టు ఊళ్ళో దిగేసరికి హోటళ్ళన్నీ నేలమాళిగ నుంచి అటక దాకా నిండిపోయి ఉంటాయని, అర్ధరాత్రి దిగి పడుకోవడానికి చోటు కోసం గంటల తరబడి వీధుల్లో తిరగడం మామూలేనని వైట్ రాశాడు. అంతటితో ఆగక, మునుపు ఇలా ఉండేది కాదన్నాడు. 1887లో వీలింగ్ ఊళ్ళో మెక్‌లూర్ హౌస్ అనే పెద్ద హోటల్ క్యూబన్ జెయింట్స్‌కు ఆతిథ్యం ఇచ్చిందని చెప్పాడు. అదే సంవత్సరం అదే ఊరి జట్టులో వైట్ ఆడాడు. ఈ సంగతిని అతను ఎవరి దగ్గరా వినవలసిన పని లేదు. కాలం గడిచినకొద్దీ పరిస్థితులు వాటంతట అవే మెరుగుపడతాయని నమ్మి ఈ దేశం వచ్చినవాడిని నేను. ఇరవై ఏళ్ళలో తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయని, మూసుకుపోతుండగా చూసినవాడు రాసిన ఆ పేరా నన్ను చాలా కలవరపెట్టింది.

పాతపుటలు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పుస్తకం మళ్ళీ మొదటి నుంచి పట్టుకుని, వైట్ తానుగా చూసిన సంగతుల పక్కన ఒక గీత, విన్న సంగతుల పక్కన రెండు గీతలు పెన్సిల్‌తో గీస్తూ వచ్చాను. బాబిలోన్ పేజీకి రెండు గీతలు పడ్డాయి. జీతాల పేజీకి, బసల పేజీకి ఒక్కొక్కటే.

పుస్తకానికి కాపీహక్కుల కాలం తీరిపోయింది కనుక ఆ రెండు భాగాలను వచ్చే వారం నుంచి తెలుగులో ఇక్కడే కొంచెం కొంచెంగా పెడతాను. పదాల విషయంలో సాయం కావాలి. పిచర్, క్యాచర్, బేస్ అన్నవి అలాగే ఉంచుతున్నాను. షార్ట్‌స్టాప్‌ను కూడా అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట రెండు, మూడు బేస్‌ల నడుమ నిలబడేవాడని ఒక వాక్యం చేర్చితే సరిపోతుందా? వేపచెట్టు గారూ, కొత్తగా చదివేవారిగా మీరే చెప్పాలి.

వేపచెట్టు:

సరిపోతుందండి. జీతాల భాగం ముందు పెట్టండి.